అది రక్తంలోదేనా?



పాలమూరు కూలీ గురించి ఒక మాట దేశమంతా తిరుగుతుంది. మీరూ వినే ఉంటారు. ఎక్కడో ఆనకట్ట కట్టాలన్నా, కాలువ తవ్వాలన్నా, ముంబయిలో రోడ్డు వేయాలన్నా గుంపు మేస్త్రీలు మన మక్తల్ వైపు వచ్చేవారు. మాగనూరు, నర్వ, ఊట్కూరు తిరిగి, అడ్వాన్సులు చేతిలో పెట్టి, మనుషులను తీసుకుపోయేవారు. ఇంత దూరం ఎందుకొస్తావయ్యా అని అడిగితే వచ్చే జవాబు ఒకటే. "పాలమూరోళ్ళ ఒళ్ళే వేరు. ఎండకు జంకరు, రాయికి జంకరు. కష్టం వాళ్ళ రక్తంలనే ఉంది."

వినడానికి మెచ్చుకోలులాగే ఉంటుంది. మన పెద్దలు కూడా దాన్ని గర్వంగానే చెప్పుకున్నారు. ఇవాళ నేను మీతో ఆ మాట గురించే మాట్లాడాలనుకుంటున్నాను. మనిషి ఒడ్డూపొడుగూ, బలం, జబ్బు, చదువు, తెలివి, మనసు... వీటిలో పుట్టుకతో వచ్చేదేమిటి? పెరిగిన చోటు నుంచి వచ్చేదేమిటి? సైన్సు దీని గురించి చాలా తెలుసుకుంది. అందులో కొంత మన తెలంగాణ ఊళ్ళలోనే, మన పిల్లలను చూసే తెలుసుకుంది.

ముందు ఆ మేస్త్రీ మాట తీసుకుందాం. ఎనిమిదేళ్ళ పిల్లవాడు తల్లి వెంట మట్టితట్ట మోయడం మొదలుపెట్టాడనుకోండి. ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి అతని భుజం గట్టిపడుతుంది. అది ఏ కులం పిల్లవాడికైనా, ఏ దేశం పిల్లవాడికైనా జరిగేదే. మోసే బరువును బట్టి ఎముక గట్టిపడుతుంది. చేసే పనిని బట్టి కండ పెరుగుతుంది. ఇక మోయలేనివాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు ఏమవుతారు? మొదటి ఏడాదే ఊరికి తిరిగొస్తారు. పని దగ్గర మిగిలేది మోయగలిగినవాళ్ళే. మేస్త్రీ కంటికి కనిపించేదీ వాళ్ళే. ఆ మిగిలినవాళ్ళను చూసి అతను "ఇది వీళ్ళ రక్తం" అన్నాడు.

అది రక్తం కాదు. వానలు పడని ఏళ్ళు, అప్పులు, నీళ్ళు లేని చేలు కలిసి చేసిన ఒళ్ళు అది. అదే ఇంటి పిల్లవాణ్ని గురుకులంలో వేస్తే అతని అరచేయి మెత్తగానే ఉంటుంది. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ మట్టి మోశారంటే ఆ ఇంట్లో మట్టి మోసే గుణం ఉందని కాదు. ముగ్గురికీ ఒకే అప్పు ఉందని.

నాకు ఈ మాట మీద కోపం ఎందుకో కూడా చెబుతాను. కష్టం రక్తంలోనే ఉందనుకుంటే, ఇక ఆ మనిషికి నీడ వేయనక్కరలేదు. కూలి పెంచనక్కరలేదు. అతని బిడ్డకు పాలు ఇచ్చారా లేదా అని అడగనక్కరలేదు. పుట్టుకే అంత అని చేతులు దులుపుకోవచ్చు. ఒక తప్పుడు మాట ఎంతమంది కడుపు కొడుతుందో చూడండి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ మళ్ళీ చెబుతాను. ఇంట్లో వరసగా వచ్చేదంతా రక్తంలోంచి వచ్చేది కాదు. ఇంట్లో వరసగా బాయి వస్తుంది. బాయి నీళ్ళు వస్తాయి. తినే గింజ వస్తుంది. అప్పు వస్తుంది. అవి కూడా తండ్రి నుంచి కొడుక్కే వస్తాయి.

దీనికి మన పక్క జిల్లా నల్లగొండను మించిన సాక్ష్యం లేదు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి. ఆ ఊళ్ళ పేర్లు మీకు తెలుసు. పదేళ్ళ పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మరకలు. నలభై ఏళ్ళకే నడుం వంగిపోయి, మెడ తిప్పలేని మనుషులు. తండ్రికి కాళ్ళు వంకర. కొడుక్కి కాళ్ళు వంకర. మనవడికీ అంతే. బయటి నుంచి చూసినవాళ్ళు ఏమనుకుంటారు? వంశంలోనే ఉందనుకుంటారు. శాపమనుకుంటారు. ఆ ఊళ్ళకు పిల్లనివ్వడానికే వెనకాడిన రోజులున్నాయి.

నిజానికి అది నీళ్ళలో ఉంది. అక్కడి గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఆ రాళ్ళలో ఏళ్ళ తరబడి ఊరిన నీటిలోకి అది దిగుతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అక్కడి బావుల్లో, బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీరు తాగి పెరిగితే ఫ్లోరైడ్ ముందు పంటిలోకి, తర్వాత ఎముకలోకి చేరుతుంది. కీళ్ళు బిగుసుకుపోతాయి. ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించారు. నల్లగొండలో దీన్ని గురించి సిద్దిఖీ అనే వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ నీటిని పటిక, సున్నంతో శుభ్రం చేసే పద్ధతి ఒకటి తర్వాత వచ్చింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అంటారు. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారు. ఒక జిల్లా పేరు ఆ జిల్లా బాధ వల్ల ప్రపంచానికి తెలిసింది.

శివన్నగూడెం అంశాల స్వామి గారిని మీలో చాలామంది టీవీల్లో చూసి ఉంటారు. ఎదగని శరీరంతో, వంగిపోయిన కాళ్ళూ చేతులతో ఆయన ఏళ్ళ తరబడి ఊరూరా, సభ సభకూ వెళ్ళి మంచినీళ్ళు అడిగారు. 2023 జనవరిలో కన్నుమూశారు. ఆయన ఒంటిని అలా చేసింది వంశం కాదు. నీళ్ళు.

2016లో మిషన్ భగీరథ మొదలైంది. కృష్ణా నీళ్ళు పైపుల్లో ఆ ఊళ్ళకు వచ్చాయి. ఆ ఇళ్ళలో పుట్టే పిల్లల తల్లిదండ్రులు మారలేదు. వంశం మారలేదు. కుండలో నీళ్ళు మారాయి. ఆ నీళ్ళతో పెరిగే పిల్లవాడి పళ్ళు అతని తాత పళ్ళలా ఉండవలసిన పని లేదు.

ఈ నల్లగొండ కథలో ఇంకో అధ్యాయం ఉంది. అది ఇంకా లోతైనది. కొంచెం నెమ్మదిగా చెబుతాను.

1970ల మొదట్లో కొన్ని ఊళ్ళలో ఎదిగే పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం కనిపించింది. రెండు మోకాళ్ళూ తగులుకుంటాయి, పాదాలు ఎడంగా పడతాయి. పాత ఫ్లోరోసిస్‌లో ఇది ఇంతగా కనిపించేది కాదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ నుంచి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అనే పరిశోధకులు దీన్ని పరిశీలించి, 1973లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. మరి, ఎప్పటి నుంచో తాగుతున్న నీళ్ళతో ఇప్పుడు కొత్తగా ఈ వంకర ఎందుకు వచ్చింది?

ఆ సంస్థ పరిశోధకులు ఇచ్చిన వివరణ ఇది. నాగార్జునసాగర్ కట్టాక చుట్టుపక్కల భూమిలో నీటిమట్టం పైకి వచ్చింది. నేల గుణం మారింది. ఆ నేలలో పండిన జొన్నలోకి మాలిబ్డినం అనే ధాతువు ఎక్కువగా చేరింది. అది ఒంట్లోని రాగిని బయటికి పంపేస్తుంది. ఎముక గట్టిపడడానికి రాగి కావాలి. జొన్నే ముఖ్య ఆహారమైన పేదింటి పిల్లవాడికి నీళ్ళలో ఫ్లోరైడ్, గింజలో మాలిబ్డినం రెండూ కలిశాయి. మోకాలు వంగింది.

ఆలోచించండి. ఒక ఆనకట్ట. ఒక నేల. ఒక గింజ. ఒక పిల్లవాడి మోకాలు. వీటన్నిటి మధ్యా తెగని దారి ఉంది. ఆ పిల్లవాణ్ని చూసి "పుట్టుకే అంత" అనేసి ఊరుకుని ఉంటే ఆ దారి ఎవరికీ కనిపించేది కాదు. జొన్నరొట్టె తప్పని మాత్రం దయచేసి అనుకోకండి. మన మక్తల్ వైపు జొన్నరొట్టె మంచి తిండి. ఆ నేలలో, ఆ నీటితో, వేరే ఏమీ దొరకని ఇంట్లో అది సరిపోలేదు. అంతే.

ఇంతవరకూ విని మీరు అడగవచ్చు. మరి రక్తానికి పనే లేదా? ఉంది. తప్పకుండా ఉంది.

అదే నల్లగొండ ఊరు. అదే బావి. ఒకే గోడ అటూ ఇటూ ఉన్న రెండిళ్ళు. ఒకరి నడుం వంగింది, ఇంకొకరు తిరుగుతూనే ఉన్నారు. ఎందుకు? కొంత తిండి వల్ల. పాలు, ఆకుకూరలు తీసుకునేవారికి నష్టం కాస్త తక్కువ. కొంత పని వల్ల. ఎండలో మట్టిపని చేసే మనిషి రోజుకు ఎన్ని చెంబుల నీళ్ళు తాగుతాడు? నీడలో కూర్చునే మనిషి ఎన్ని తాగుతాడు? ఇంకొంత పుట్టుక వల్ల కూడా. ప్రయోగశాలలో రెండు జాతుల ఎలుకలకు ఒకే ఫ్లోరైడ్ నీళ్ళు పట్టారు. ఒక జాతి పళ్ళు త్వరగా చెడ్డాయి. రెండో జాతి పళ్ళు దాదాపు బాగానే ఉన్నాయి. నీళ్ళు ఒకటే, తేడా జన్యువుల్లో ఉంది. చైనాలో పిల్లల మీద చేసిన పరిశీలనల్లో కూడా ఎముక తయారీకి సంబంధించిన ఒక జన్యువు రూపాన్ని బట్టి పంటి మరకల్లో తేడా కనిపించింది.

అంటే ఏమిటి? జన్యువు ఉంది. అది తేడా తెస్తుంది. కానీ నీళ్ళు మంచివైతే ఆ తేడాకు పనే లేదు. రెండిళ్ళలోనూ నడుములు నిటారుగానే ఉంటాయి.

ఇప్పుడు ఎత్తు సంగతి. ఎత్తు మీద పుట్టుక ప్రభావం చాలా ఎక్కువ. తిండికి లోటు లేని దేశాల్లో మనుషుల మధ్య ఎత్తులో కనిపించే తేడాలకు నూటికి 80 పాళ్ళు జన్యువులే కారణమని లెక్క వేశారు. ఈ లెక్క వినగానే చాలామంది పొరపడతారు. నా ఎత్తులో 80 పాళ్ళు మా నాన్నది, మిగిలింది తిండిది అనుకుంటారు. దాని అర్థం అది కాదు.

రైతులకు తెలిసిన పోలికతో చెబుతాను. ఒకే సంచిలోంచి రెండు దోసిళ్ళ జొన్నలు తీశారు. ఒక దోసిలి నల్లరేగడిలో చల్లారు. ఇంకో దోసిలి బీడుపడ్డ ఎర్రచెలకలో చల్లారు. నల్లరేగడిలో మొక్కలన్నిటికీ ఒకే సారం, ఒకే తడి. అయినా ఒక మొక్క ఎత్తు, ఒక మొక్క పొట్టి. ఆ తేడా గింజది. చెలకలో కూడా అంతే, మొక్కకూ మొక్కకూ తేడా గింజది. కానీ రెండు చేలనూ పక్కపక్కన పెట్టి చూడండి. చెలకలోని పైరంతా పొట్టి. ఆ తేడా గింజది కాదు. నేలది. ఒక చేనులో తేడాలు పుట్టుకవే అయినా, రెండు చేల మధ్య తేడా పూర్తిగా నేలదే కావచ్చు. మళ్ళీ చెబుతున్నాను. ఒక చేనులో తేడా గింజది. రెండు చేల మధ్య తేడా నేలది.

దక్షిణ కొరియాలో నూరేళ్ళలో ఆడవాళ్ళ సగటు ఎత్తు దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. నూరేళ్ళలో వాళ్ళ జన్యువులు మారిపోలేదు. తిండి, నీళ్ళు, వైద్యం మారాయి.

అంత దూరం కూడా పోనక్కరలేదు. మన హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఇది తేలింది. 1987 నుంచి 1990 వరకు అంగన్‌వాడీ పథకం ఆ ఊళ్ళకు ఒక్కొక్కటిగా వస్తున్న కాలం. జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 29 ఊళ్ళు ఎంచుకున్నారు. కొన్ని ఊళ్ళకు పథకం ముందు వచ్చింది. గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ ఉప్మా వండి పెట్టారు. మిగతా ఊళ్ళకు పథకం ఇంకా రాలేదు. తర్వాత చాలా ఏళ్ళకు, ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక, పరిశోధకులు మళ్ళీ వెళ్ళి కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఒకటిన్నర సెంటీమీటరు కూడా కాదు కదా అనిపించవచ్చు. ఆగండి. వాళ్ళ రక్తనాళాలు కూడా మెత్తగా, ఆరోగ్యంగా ఉన్నాయి. పెద్దయ్యాక షుగరు వైపు తీసుకెళ్ళే లక్షణాలు తక్కువగా ఉన్నాయి. ఆ పిల్లలు బడిలో కూడా ఎక్కువ కాలం నిలిచారని తర్వాతి పరిశీలనల్లో తేలింది. తల్లి కడుపులో ఉండగా, నడక నేర్చేలోపు అందిన ఒక గిన్నె ఉప్మా, పదహారేళ్ళ పిల్లవాడి గుండెలో కనిపించింది. అంగన్‌వాడీలో గిన్నె పట్టుకుని నిలబడే టీచరమ్మ, ఆయమ్మ చేసే పని ఎంత పెద్దదో వాళ్ళకు ఎవరైనా చెప్పారా? నేను ఈ రేడియో ముఖంగా చెబుతున్నాను.

సరే, ఒళ్ళు అయింది. మనసూ తెలివీ?

ఇక్కడే మనం ఎక్కువ తొందరపడతాం. "వానికి చదువు రాదు, వాళ్ళ నాయనకు వచ్చిందా ఏమన్నా?" అంటాం. ఆ పిల్లవాడు వింటుండగానే అంటాం.

2002 నుంచి యంగ్ లైవ్స్ అనే ఒక పెద్ద పరిశీలన నడుస్తోంది. నాలుగు దేశాల పిల్లలు అందులో ఉన్నారు. ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన దేశం. మన దేశంలో ఎంచుకున్నది అప్పటి ఆంధ్రప్రదేశ్. అందులో మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఉంది. అంటే మన పాలమూరు పిల్లలు అందులో ఉన్నారు. ఏడాది వయసు నుంచి వాళ్ళను చూస్తూ వచ్చారు. చిన్నప్పుడు వయసుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లలు, బడికి వచ్చాక లెక్కల్లో, మాటల్లో వెనకబడుతున్నారు. ఇది చాలాచోట్ల తెలిసిందే. కానీ ఇంకోటి కూడా కనిపించింది. చిన్నప్పుడు కుంగిన పిల్లల్లో కొందరు తర్వాత ఎత్తు అందుకున్నారు. అలా అందుకున్నవాళ్ళు, అందుకోనివాళ్ళకంటే చదువులో ముందున్నారు. తలుపు రెండేళ్ళకే మూసుకుపోలేదు. అలాగని ఆలస్యం చేయమని కాదు. మెదడు అన్నిటికన్నా వేగంగా పెరిగేది కడుపులోనూ, మొదటి రెండేళ్ళలోనూ. తల్లి ఒంట్లో అయోడిన్ లేకపోతే కడుపులో బిడ్డ మెదడు దెబ్బతింటుంది. అయోడిన్ ఉప్పుతో ఆ నష్టం తప్పుతుంది. అక్కడ తెలివికీ మందబుద్ధికీ మధ్య ఉన్నది ఒక చిటికెడు ఉప్పు.

మన నారాయణపేట చీర సంగతి చూడండి. నేతింటి పిల్లవాడి వేళ్ళు మగ్గం మీద ఎలా ఆడతాయి! "అది వాళ్ళ రక్తం" అంటాం. ఆ పిల్లవాడు మాటలు రాకముందే మగ్గం చప్పుడు విన్నాడు. అయిదేళ్ళకు అమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టాడు. పదేళ్ళకు తెగిన పోగుకు అతుకు వేశాడు. అంత నేర్పును రక్తం అనేస్తే ఆ తల్లి నేర్పిన చదువును మనం లెక్కలోకి తీసుకోనట్టే.

ఇంకో మాట ఉంది. అది పెళ్ళిళ్ళ దగ్గర వినిపిస్తుంది. "వాళ్ళింట్ల మతిచెడినోళ్ళున్నరు, పిల్లనియ్యొద్దు." తీవ్రమైన మానసిక వ్యాధుల్లో పుట్టుక పాత్ర ఉంది. దాచనక్కరలేదు. కానీ ఎంత? అచ్చంగా ఒకే జన్యువులతో పుట్టిన కవలలను చూడండి. వాళ్ళలో ఒకరికి స్కిజోఫ్రీనియా వస్తే రెండోవారికి రావడం సగం కంటే తక్కువ సార్లే జరుగుతుంది. ఒకే జన్యువులు, అయినా సగం కంటే తక్కువ. అటువంటప్పుడు మేనత్తకు వచ్చిందని మేనకోడలి పెళ్ళి ఆపడం న్యాయమేనా? ఆ భయంతోనే ఇంటిల్లిపాదీ జబ్బును దాస్తారు. డాక్టరు దగ్గరికి పోరు. దాచిన జబ్బు ముదురుతుంది.

ఇప్పుడు కథను రెండో వైపు నుంచి చూద్దాం. నిజంగా రక్తంలోనే ఉండి, ఏళ్ళ తరబడి ఏమీ చేయకుండా కూర్చునేవి కూడా ఉన్నాయి.

కొన్ని ఆపరేషన్ల ముందు మత్తు డాక్టర్లు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ అనే సూది మందు ఇస్తారు. కొద్ది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. ఎందుకంటే రక్తంలో ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. కొందరిలో పుట్టుకతోనే ఆ ఎంజైము ఉండదు. వాళ్ళకు ఆ సూది పడితే ఊపిరి తీసే కండరాలు గంటల తరబడి కదలవు. అంతసేపూ యంత్రంతో ఊపిరి అందించాలి. అందిస్తే మనిషి పూర్తిగా కోలుకుంటాడు. మన ఆర్యవైశ్యుల్లో ఈ లోపం మిగతా సమూహాల కంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని తేలింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ తదితరులు 2017లో రాసిన పరిశోధనలో దీని మూలం చెప్పారు. కొద్దిమంది పూర్వీకులతో మొదలైన సమూహాలు, అప్పటినుంచీ తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చాయి. ఆ పూర్వీకుల్లో ఒకరి దగ్గరున్న మార్పు అందరిలోకీ పాకింది. ఇది ఒక్క వైశ్యుల సంగతి కాదని వాళ్ళే చెప్పారు. దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను చూస్తే ఎన్నింటిలోనో ఇదే కథ. ఎవరి సమూహంలో ఏముందో ఇంకా చాలావరకు వెతకవలసే ఉంది.

ఒక్కసారి ఆగి చూడండి. ఆ జన్యువుతో ఒక మనిషి ఎనభై ఏళ్ళు హాయిగా దుకాణం నడుపుకోవచ్చు. అతనికి ఏ జబ్బూ లేదు. ఆ ఒక్క సూది తగిలితేనే ప్రమాదం. మరి ప్రమాదం జన్యువులో ఉందా, సూదిలో ఉందా? రెండూ కలిసినచోట ఉంది. అందుకే ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి తిరిగిరావడం బాగా ఆలస్యమై ఉంటే, తర్వాత ఆపరేషన్లకు వెళ్ళే రక్తసంబంధీకులు ఆ మాట మత్తు డాక్టరుతో ముందే చెప్పాలి. వేరే మందులున్నాయి.

మేనరికాల గురించి చెప్పకుండా ముగిస్తే నా మాట పూర్తి కాదు. మన దగ్గర అక్క బిడ్డను చేసుకోవడం, మేనమామ కొడుక్కి ఇవ్వడం ప్రేమతో చేసే పని. ఆస్తి నిలుస్తుంది, పిల్ల కళ్ళముందు ఉంటుంది. దాన్ని నేను తక్కువ చేయను. కానీ తెలుసుకోవాలి. పైకి కనిపించని లోపాలు మనందరిలోనూ కొన్ని ఉంటాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే లోపం రెండు వైపులా చేరితేనే బిడ్డలో బయటపడతాయి. దగ్గరి రక్తంలో అలా చేరే అవకాశం ఎక్కువ. పుట్టుచెవుడు, కొన్ని రక్తజబ్బులు, కొన్ని మెదడు జబ్బులు అలా వస్తాయి. మామూలుగా నూరు మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టులోపాలుంటాయి. బావామరదళ్ళ పెళ్ళిలో అది సుమారు రెట్టింపవుతుంది. మేనమామను చేసుకుంటే ఇంకొంచెం ఎక్కువ. అంటే చాలామంది పిల్లలు బాగానే పుడతారు. కానీ ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డకు అలాంటి జబ్బు ఉంటే లెక్క మారిపోతుంది.

మేనరికాల మీద 1963లోనే ఇద్దరు తెలుగు శాస్త్రవేత్తలు పరిశోధన రాశారు. ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్. కృష్ణారావు పిఠాపురం మనిషి. ఇంగ్లండు వదిలి భారతదేశానికి వచ్చేసిన మహా శాస్త్రవేత్త హాల్డేన్‌కు శిష్యుడు. ఈ కృష్ణారావే 1960లో ఇంకో సంగతి రాశారు. కొందరు మగవాళ్ళకు చెవి అంచున వెంట్రుకలు మొలుస్తాయి, చూశారు కదా? అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోములో ఉందని ఆయన అన్నారు. ఏళ్ళ తరబడి పాఠ్యపుస్తకాల్లో అదే చదివారు. 2004లో దక్షిణ భారతదేశపు మగవాళ్ళ డీఎన్ఏ పరీక్షించి చూస్తే వై క్రోమోజోముతో దానికి సంబంధం కనిపించలేదు. తండ్రికీ కొడుక్కీ కళ్ళముందు కనిపించే పోలిక విషయంలోనే ఇంత జాగ్రత్త కావాలి. ఇక కష్టం, తెలివి, నీతి రక్తంలో ఉన్నాయని ఎంత తేలిగ్గా అనేస్తామో!

మేనరికం చేసుకున్నవారు, చేసుకోబోయేవారు, ఇంట్లో వరసగా ఒకే రకం జబ్బు కనిపిస్తున్నవారు సలహా కోసం వెళ్ళడానికి చోట్లున్నాయి. హైదరాబాద్ బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జెనెటిక్స్ ఆసుపత్రి ఉంది. నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. అక్కడ మీ వంశవృక్షం గీసి, మూడు తరాల సంగతులు అడిగి, రాబోయే బిడ్డకు ఏ ప్రమాదం ఎంత ఉందో చెబుతారు. వెళ్ళేముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చిన్నప్పుడే పోయిన పిల్లల సంగతి కూడా తెలుసుకుని వెళ్ళండి. ఆ పిల్లల గురించి మనం మాట్లాడం. డాక్టరుకు మాత్రం ఆ మాటే అన్నిటికన్నా ముఖ్యం.

చివరగా, ఈ నెలలో కాన్పు ఉన్న ఇళ్ళకు ఒక మాట.

బిడ్డ పుట్టిన రెండో రోజో మూడో రోజో మడమ దగ్గర చిన్న సూదితో రెండు చుక్కల రక్తం తీసి థైరాయిడ్ పరీక్ష చేయవచ్చు. సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ పనిచేయదు. ఆ బిడ్డ పుట్టినప్పుడు అందరిలాగే ఉంటుంది. చూస్తే తెలియదు. అంతగా ఏడవదు, ఎక్కువ నిద్రపోతుంది, "బుద్ధిమంతురాలు" అని మురిసిపోతాం. నెలలు గడిచేకొద్దీ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అప్పుడు తెలిసినా పోయిన తెలివి పూర్తిగా తిరిగిరాదు. అదే మొదటి రెండు వారాల్లో కనిపెట్టి, రోజుకొక చిన్న థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ఆ పిల్ల అందరు పిల్లల్లాగే ఆడుతుంది, చదువుతుంది. ఇది పుట్టుకతో వచ్చిన లోపం. అయినా దాని ఫలితం పుట్టుకలో రాసి లేదు. మాత్ర ఖరీదు చాలా తక్కువ. కాన్పు అయిన ఆసుపత్రిలోనే డాక్టరమ్మను అడగండి. "బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేశారా అమ్మా?" అని అడగండి. చేయకపోతే ఎక్కడ చేస్తారో అడిగి, ఇంటికి వెళ్ళే ముందే చేయించుకోండి.